హద్దురాళ్లు – అంకెలు

రైతుకు భూమి ఎంత ముఖ్యమో, ఆ భూమి హద్దు అంత ముఖ్యం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎకరం, అర ఎకరంతో కుటుంబాన్ని నెట్టుకు వచ్చేవారే అధికులు. వారి దృష్టిలో ఒక సెంటు నేల కూడా అల్పమైనది కాదు. ఆ సెంటు ఎవరిదన్న విషయం ఇదివరకు గట్టు మీద తేలేది. నేడు కంప్యూటరు తెర మీద తేలుతున్నది. కొలిచిన అంకెలను ఆ యంత్రంలోనికి ఎక్కించడాన్ని పలువురు గుమాస్తా పనిగా భావిస్తున్నారు. ఆ భావన సరికాదు. అది తీర్పు చెప్పడంతో సమానమైన బాధ్యత అని నా అభిప్రాయం.

మన ప్రాంతపు భూచరిత్రను ఒకసారి స్మరించవలసి ఉన్నది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయంతో ఇక్కడి భూములు విజయనగరం, బొబ్బిలి మొదలైన జమీందారీల చేతికి పోయినవి. ఆ సంవత్సరమే లాంబ్టన్ దొర మద్రాసు వద్ద దేశాన్ని త్రిభుజాలుగా కొలిచే మహాకార్యానికి పూనుకున్నాడు. ఆ సర్వేకు ఆధారమైన మూలరేఖలలో ఒకటి 1862–63లో విశాఖపట్టణం వద్ద కొలవబడినది. కాని పర్వతశిఖరాలను కొలిచినవారు పేదవాని మడిని కొలవలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన తరువాతనే అనేక జమీందారీ గ్రామాలకు ప్రభుత్వ సర్వే, సెటిల్మెంటు లభించినవి.

నాటి సాధనం గంటరు గొలుసు. దాని పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వేయి చదరపు లింకులు ఒక సెంటు. ఈ కొలతలు ఎఫ్.ఎం.బి. అనే పుస్తకంలో నిలిచినవి. ఈ శాస్త్రపు మాటలను గమనించండి: హద్దు, రైతు, ఇనాము, జమాబందీ, తహసీలు. అరబ్బీ, పారశీకాల నుండి వచ్చి తెలుగు పల్లెలో స్థిరపడిన పదాలివి. మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కన కూర్చున్నట్లే, పొలం కాగితంలోను కూర్చున్నవి.

2020 డిసెంబరు 21న రాష్ట్రంలో సమగ్ర భూసర్వే ఆరంభమైనది. డ్రోను పైనుండి చిత్రం తీస్తుంది. రోవరు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, స్థిర కేంద్రాల సహాయంతో, కొద్ది సెంటీమీటర్ల తేడాలో స్థానాన్ని చెబుతుంది. పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చినది. పొలం ప్రతి మూల రెండు అంకెలుగా మారినది: ఒకటి తూర్పు దూరం, ఒకటి ఉత్తర దూరం. సాగిపోయే గొలుసు కంటె ఈ పద్ధతి మేలైనదనడంలో సందేహం లేదు.

చిక్కు అంతా ఎక్కించడంలో ఉన్నది. ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరు మొదట తూర్పు దూరాన్ని, తరువాత ఉత్తర దూరాన్ని అడుగుతుంది. సర్వే పట్టికలలో తరచు ఉత్తరమే ముందు ఉంటుంది. చూచినది చూచినట్లు ఎక్కిస్తే పొలం అద్దంలోని ప్రతిబింబమవుతుంది. తూర్పున ఉన్న చెరువు ఉత్తరానికి పోతుంది. విచిత్రమేమనగా, వైశాల్యం మాత్రం ఒక్క సెంటు కూడా మారదు! వైశాల్యాన్ని మాత్రమే సరిచూచేవారికి ఈ దోషం కనబడదు. మనం లక్షలను, వేలను విడదీసేందుకు పెట్టే కామాను ఆ యంత్రం రెండు అంకెల మధ్య సరిహద్దుగా గ్రహిస్తుంది. లింకులను మీటర్లుగా ఎక్కిస్తే పొలం దాదాపు ఇరువది అయిదు రెట్లు పెరుగుతుంది. పెద్ద తప్పు తనను తానే పట్టి ఇస్తుంది. చిన్న తప్పు దస్తావేజుగా మారి తరాల తగవు అవుతుంది.

మన జిల్లాకు మరొక ప్రత్యేకమైన చిక్కు కలదు. ప్రపంచమంతటా వాడే యు.టి.ఎం. పద్ధతిలో భూగోళాన్ని అరువది నిలువు పట్టీలుగా విభజించారు. 44వ పట్టీకి, 45వ పట్టీకి నడుమ గీత 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది శ్రీకాకుళం పట్టణానికి తూర్పుగా, నరసన్నపేటకు పడమరగా పోతున్నది. గీతకు ఇవతల తూర్పు దూరం సుమారు 8 లక్షల 17 వేల మీటర్లు; అవతల అడుగు పెడితే సుమారు 1 లక్ష 83 వేలు. పట్టీ సంఖ్య వ్రాయని అంకె, ఊరి పేరు లేని ఉత్తరం వంటిది. అంతేకాదు, పట్టీ అంచున పటం మీది కొలత నేల మీది కొలత కంటె కొంచెం ఎక్కువ చూపుతుంది. సవరణ చేయకుంటే నూరు ఎకరాలకు సుమారు 17 సెంట్లు కాగితం మీద అదనంగా పుడతాయి. లేని భూమి కాగితం మీద పుడితే, ఏనాడో ఒక రైతు వేరొక రైతును అడుగక మానడు.

యంత్రం అంకెను చెప్పగలదు. ఆ మూలను ఇరుగుపొరుగు అంగీకరించారో లేదో చెప్పలేదు. పలువురు రైతుల భూములు ఒకే ఎల్.పి.ఎం. క్రింద చేరి, విడదీయుటకు వారు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చినది ఇందువల్లనే. అంకెలు ఖాయం కాకముందు, పొలం వద్దనే, ఇరువైపుల రైతుల ఎదుట వాటిని తెలుగులో చదివి వినిపించవలెను. రెండు గట్లనైనా టేపుతో కొలిచి పటంతో పోల్చవలెను. ఎక్కించినవారు ఒకరు, సరిచూచినవారు వేరొకరు కావలెను. పట్టీ సంఖ్య ప్రతి పటం మీద ఉండవలెను. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాడిన గడ్డ మీద, రైతు తన హద్దును తన భాషలో చదువుకోలేకపోవడం మనకు గౌరవం కాదు.

విద్యార్థులారా! 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడిన నాటి నుండి గ్రామ సర్వేయరు ఉద్యోగం మీ ఊరి వాకిట నిలిచినది. గణితం వచ్చినవారు, తెలుగులోనో ఉర్దూలోనో రైతుకు నచ్చజెప్పగలవారు ఆ పనికి కావలెను. కళాశాల పాలకవర్గం వారు వేసవి సెలవులలో ఒక టోటల్ స్టేషను, నాలుగు కంప్యూటర్లతో చిన్న శిక్షణ తరగతి నడిపించగలిగితే, అది ఉపాధి మార్గమే కాక గ్రామసేవ కూడా అవుతుంది. ఆ తరగతిలో మొదటి పాఠం మీటను నొక్కడం కాక, పొలానికి వెళ్లి హద్దురాయిని చూచి రావడం కావలెను.