దేశభక్తి దాయభాగమగునా?

ఇల్లు, పొలము, బంగారము, బాకీ, ఇవి తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునని అందఱు నెఱుగుదురు. కొంతకాలముగా మనవా రీ పట్టికలో మఱియొకటి చేర్చినారు. అది దేశభక్తి. “మా తండ్రి దేశముకొఱకు చెఱసాల కేగెను, కావున నేను దేశభక్తుడను” అని కొందఱు చెప్పుకొనుచున్నారు. “నీ తండ్రి యేమి చేసెను? దేశమును గూర్చి మాటాడుటకు నీ కధికార మెక్కడిది?” అని మఱికొందఱు పొరుగువాని నడుగుచున్నారు. మొదటిది డంబము, రెండవది దౌర్జన్యము. రెండును ఒక్క భ్రమనుండియే పుట్టినవి. గతించిన తల్లిదండ్రుల దేశభక్తి బిడ్డలకు ఆస్తివలె దక్కునన్నదే ఆ భ్రమ. అది ఆస్తి కాదు, అప్పు అని నా వాదము.

ఆస్తి యన్నారు గనుక ముందుగా ఆస్తిని గూర్చిన శాస్త్రమునే విచారింతము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర మన ప్రాంతమున వందలయేండ్లు వ్యవహారమునకు ప్రమాణమై యుండెను. పదమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర దానిని తెనిగించెను. ఆ శాస్త్రము ప్రకారము పిత్రార్జితమగు పొలములో పుత్రునకు పుట్టుకతోడనే భాగము గలదు. 2005 సంవత్సరపు శాసనముతో దేశమంతట పుత్రికకును గలదు. ఎంత ఉదారమైన శాస్త్రమైనను పొలము నిచ్చును, సొమ్ము నిచ్చును. తండ్రి గుణమును మాత్రము పంచి యీయజాలదు. పాణినీయమును కంఠస్థము చేసిన పండితుడు చనిపోయినచో ఆయన తాటియాకు గ్రంథములు కుమారునకు వచ్చును, వ్యాకరణము రాదు. అది కావలెనన్న కుమారుడును తెల్లవాఱుజామున లేచి వల్లింపవలసినదే. దేశభక్తియు నట్టిదే. తండ్రి తిన్న లాఠీదెబ్బలు తండ్రి వీపుననే యుండెను. ఆ వీపుతోపాటు అవియు కాలిపోయినవి.

అయితే బిడ్డకు మిగులున దేమి? మనుష్యుడు పుట్టుకతోడనే మూడు ఋణములతో పుట్టునని వేదము చెప్పినది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. పుట్టుకతోడనే మూడు బిరుదములతో పుట్టునని చెప్పలేదు. ఆస్తిని కూర్చుండి తినవచ్చును. అప్పును కష్టపడి తీర్పవలెను. పెద్దల దేశభక్తిని తలచుకొన్నప్పుడు మనము గర్వముతో ఉప్పొంగుచున్నామా, బాకీ గుర్తునకు వచ్చి తల వంచుకొనుచున్నామా యన్నదే పరీక్ష.

ఈ భేదమును మన ప్రభుత్వమును గుర్తించినది. స్వాతంత్ర్యము వచ్చి ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున, 1972 ఆగస్టు 15 నుండి, కేంద్రప్రభుత్వము సమరయోధులకు పింఛను నేర్పఱచినది. ఆ యేడే తామ్రపత్రములను బహూకరించినది. సమరయోధుడు గతించిన పిమ్మట ఆ పింఛను భార్యకు పోవును; పెండ్లియు ఉద్యోగమును లేని కుమార్తెకు పోవును; తల్లిదండ్రులకు పోవును. కుమారుని పేరు ఆ పట్టికలో లేదు. ఆధారము లేనివారిని పోషించుట తనకు ధర్మమని రాజ్యము తలంచినది గాని, కీర్తికి వారసుని నియమింపలేదు. రాజ్యాంగపు 18వ అధికరణము రాజ్యము బిరుదుల నొసగు పద్ధతినే రద్దుచేసినది. అయినను పింఛను పట్టికలో దొరకని స్థానమును మన కుమారరత్నములు సభావేదికలపై సంపాదించుకొనుచున్నారు. “ఫలానావారి మనుమడు” అనునది నేడు చెల్లుబడిలోనున్న బిరుదము.

వంశముచేత దేశభక్తి వచ్చునన్నవారు చరిత్రను గూడ నొకమాఱు చూడవలెను. 1928లో మోతీలాల్ నెహ్రూ అధ్యక్షత వహించిన సంఘము దేశమునకు డొమీనియన్ ప్రతిపత్తిని కోరెను. ఆయన కుమారుడు జవాహర్‌లాల్ అది చాలదనెను. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసున, ఆ కుమారుని యధ్యక్షతనే, సంపూర్ణ స్వరాజ్యము లక్ష్యమని తీర్మానమైనది. తండ్రి యభిప్రాయమును ఉన్నదున్నట్లు అనుభవించు కుమారుడైనచో తండ్రి కోరినదానితోనే తృప్తిపడి యుండును. అరవిందుని తండ్రి బిడ్డలకు స్వదేశవాసన సోకరాదని 1879లో వారిని ఇంగ్లాండునకు గొనిపోయెను. ఆ బిడ్డడే పెరిగి వంగదేశమున జాతీయోద్యమ నాయకుడయ్యెను. మన టంగుటూరి ప్రకాశముగారు చిన్ననాడే తండ్రిని గోల్పోయిరి; తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి పెంచిరి. 1928లో సైమను కమిషనును నిరసించు దినమున చెన్నపట్టణమున వారు తుపాకి యెదుట ఱొమ్ము చూపినప్పుడు, వారి వెనుక నిలిచిన వంశకీర్తి యేదియు లేదు.

“అట్లయిన తల్లిదండ్రుల దేశభక్తి బిడ్డలకేమియు జేయదా?” యని యడుగవచ్చును. చేయును, మిక్కిలి చేయును. అయితే అది చేయునది ఇంటి నడవడిద్వారా. ఇందులకు మా యింటి దృష్టాంతము నొకటి చెప్పెదను. మా తల్లి సమరయోధురాలు కాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పుట్టినది. 1965లో యుద్ధమును ఆహారపు కొఱతయు కలిసి వచ్చి, ఓడలలో దిగు అమెరికా గోధుమలకై దేశము ఎదురుచూచుచుండగా, ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమున కొకపూట భోజనము మానుడని ప్రజలను వేడిరి. అప్పటికి పదునాఱేండ్ల పడుచైన మా తల్లి సోమవారము రాత్రి భోజనము మానెను. శాస్త్రిగారు 1966 జనవరిలో తాష్కెంటున గతించిరి. కాలక్రమమున కొఱతయు తీఱినది. మా తల్లి మాత్రము చనిపోవువఱకు ఆ పూట తినలేదు. ఇరుగుపొరుగువారు అది శివునికై చేయు ఉపవాసమనుకొనిరి. ఆమె వారిని సరిదిద్దలేదు. ఆ పూట బియ్యమును కొలిచి ఒక డబ్బాలో పోసెడిది. నెలాఖరున అది అవసరమున్న యొక యింటికి చేరెడిది. జెండాకు నమస్కరింపుమని ఆమె నాకెన్నడును చెప్పలేదు. మన యింటి కంచమునకును పొరుగింటి కంచమునకును సంబంధము గలదని మాత్రము, మాటతో చెప్పకయే, నేర్పినది. నాకు దేశమన్న మాటకు మొదటి యర్థము అదియే.

ఇక ఆమె బిడ్డనైన నేను చేయవలసిన దేమి? సోమవారము భోజనము మానుటయా? నేడు బియ్యము నెగుమతిచేయు దేశములలో మనది ప్రథమము. నేను పస్తుండి మిగిల్చిన సోలెడు బియ్యమువలన దేశమునకు ఒరుగునది లేదు. ఆమె చేసినదానినే నేనును చేసిన అది ఏటేట పెట్టు తద్దినమువంటిదగును. ఆమె దేనికొఱకు చేసెనో దానిని నేటి కాలమున వెదకి చేసినప్పుడే ఋణము తీఱును.

అప్పు అనగానే అంతయు తీర్పవలసినదే యని కాదు. తండ్రి త్రాగుడునకు, జూదమునకు, కామమునకు చేసిన అప్పును, వృథాగా చేసిన వాగ్దానమును పుత్రుడు తీర్పనక్కఱలేదని యాజ్ఞవల్క్యుడే విధించినాడు. మా తల్లి దేశభక్తిలోను అట్టి పద్దొకటి గలదు. 1975 జూను మొదలు 1977 మార్చివఱకు దేశమున అత్యవసర పరిస్థితి నడచినది. పత్రికలలో అచ్చగుదాని నధికారులు ముందుగా తనిఖీ చేసిరి. ప్రతిపక్ష నాయకులు విచారణ లేకయే నిర్బంధింపబడిరి. మా తల్లికి ఆ కాలమన్న గౌరవము. “రైళ్ళు వేళకు నడిచాయి, నోళ్ళు అదుపులో ఉన్నాయి” అనెడిది. ప్రభుత్వమును విమర్శించువాడు దేశమును విమర్శించువాడే యని యామె తలంపు. ఆమె బ్రతికియుండగా ఎదుటనే కాదంటిని. ఆమె పోయిన తర్వాతను కాదనుచున్నాను. ఆమె మానిన పూటకు నేను ఋణస్థుడను. ఈ తలంపునకు కాను. దేనిని తీర్పవలెనో, దేనిని త్రోసివేయవలెనో విచారించుట బిడ్డల పని. తండ్రి ద్వేషించిన మతమును, భాషను, పొరుగుదేశపు జనులను తానును ద్వేషించుటయే దేశభక్తి యనుకొను కుమారుడు, తండ్రి జూదపు బాకీని వడ్డీతో తీర్చి వంశపు పరువు నిలిపితి ననుకొనువానివంటివాడు.

వంశమునుబట్టి దేశభక్తిని లెక్కించుటలో ఇంతకంటె పెద్ద దోషమొకటి గలదు. అది పెక్కుమందిని దేశమునుండియే వెలివేయును. ఒక పాఠశాలలో స్వాతంత్ర్యదినోత్సవమునకు “దేశమునకు మా పూర్వుల సేవ” అని వ్యాసముల పోటీ పెట్టిరి. గ్రామమున పేరుగల సమరయోధుని వంశపు బాలుడు నాలుగు పుటలు వ్రాసి బహుమానము గొనెను. మఱియొక బాలుడు రెండే వాక్యములు వ్రాసెను. “మా ముత్తాత ఆ బాబుగారి పాలేరు. బాబుగారు జైలుకు పోయినప్పుడు ఆ పొలమంతా మా ముత్తాతే దున్నాడు.” పరీక్షకులు అది విషయమునకు సంబంధింపదని ప్రక్కన బెట్టిరి. నా దృష్టిలో ఆ కట్టలో విషయమునకు సంబంధించినది అదియొక్కటే. దున్నువాడు లేనిచో బాబుగారు నిశ్చింతగా చెఱసాలలో నుండగలిగెడివారా? బాబుగారి త్యాగము త్యాగమే, దానిని తక్కువచేయరాదు. కాని ఆ త్యాగమునకు మూలధనము పాలేరు చెమట. ఆ పాలేరునకు తామ్రపత్రము లేదు, పింఛను లేదు. వెట్టిచాకిరిని నిషేధించు కేంద్రశాసనమే 1976లో గాని రాలేదు.

తెలంగాణమున సంగతి మఱియు చిక్కైనది. హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది 1948 సెప్టెంబరున. ఆనాడు ఒక యింటి పెద్ద నిజామునకు విరోధముగా పోరాడి యుండును. ప్రక్కయింటి పెద్ద నిజాము కొలువులో జవానై యుండును. ఇద్దఱి సంతతియు నేడు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనుచున్నది. వారిలో ఒకడు ఎక్కువ భారతీయుడు, ఒకడు తక్కువ భారతీయుడు అనుటకు ఏ యుపాధ్యాయునకు నోరాడును? 1949 నవంబరులో ఆమోదింపబడిన రాజ్యాంగము 5వ అధికరణమున పౌరుడెవడో నిర్ణయించుచు, స్థిరనివాస మిచ్చటనే యున్నదా, నీవో నీ తల్లిదండ్రులలో నొకరో ఈ నేలపై పుట్టిరా, లేదా అయిదేండ్లుగా ఇచ్చట నివసించుచున్నావా యని యడిగినది. నీ తండ్రి ఏ పక్షమున నిలిచెనని యడుగలేదు. 1976లో చేర్చిన 51ఎ అధికరణము, స్వాతంత్ర్యోద్యమమునకు ప్రేరణమైన ఆదర్శములను అనుసరించుట ప్రతి పౌరునికిని విధియన్నది. సమరయోధుల సంతతికి మాత్రమే యనలేదు. కాబట్టి ఆ ఋణము అందఱిది. పాలేరు మునిమనుమడును, జవాను మునిమనుమడును గూడ ప్రకాశముగారికి వారసులే.

“వంశకీర్తి బిడ్డలకు ప్రోత్సాహము గాదా? దానిని తీసివేసిన వారికి ఆదర్శమెక్కడ?” అని పెద్దమనుష్యు లడుగుదురు. ఆ ప్రోత్సాహము ఫలించుచున్నచో నా కభ్యంతరము లేదు. ఫలమెట్లున్నదో పాఠశాలలోని మధ్యాహ్నభోజనపు పంక్తిలో చూడవచ్చును. బడిపిల్లలకు వండిన యన్నము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరులో రాష్ట్రముల నాజ్ఞాపించినది; వంటవారి నియామకమున దళితులకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ప్రాధాన్యమీయవలెనని 2004లో చెప్పినది. ఆకలిగొన్న బిడ్డకు అన్నము, వండిన చేతికి గౌరవము. స్వరాజ్యమను మాటకు ఇంతకంటె స్పష్టమైన యర్థమును నేనెఱుగను. అయినను నే నెఱిగిన యొక యూర మధ్యాహ్నపు గంట మ్రోగగానే కొందఱు బాలురు ఇండ్లకు పోవుదురు. వంటమనిషి దళితురాలగుటయే కారణము. అట్లు బిడ్డలను పిలిపించుకొను నిండ్లలో నొకదాని గోడపై తామ్రపత్రము వ్రేలాడుచున్నది. చెఱసాలలో ఎవరు వండిరో యడుగక కూడు తిన్న వృద్ధుని పేరు దానిపై నున్నది. ఆ పత్రమును ప్రతి ఆగస్టునను చింతపండుతో తోమి మెఱయించెదరు. రాగిని తోముట తేలిక. ఆయన కూర్చున్న పంక్తిలో కూర్చుండుట కష్టము. గోడపై ఏ పత్రమును లేకున్నను తన బిడ్డను ఆ పంక్తిలో కూర్చుండబెట్టు ఆటో నడుపువాడు, ఆ యింటివారికంటె ఆ వృద్ధునకు దగ్గఱి చుట్టము.

వేఱొక పక్షమువా రున్నారు. వారికి తల్లిదండ్రుల దేశభక్తి పాతకాలపు వెఱ్ఱి. “దేశము మాకేమి యిచ్చెను?” అని వారి ప్రశ్న. వారు చదివిన బడి ఎవరో కట్టినది. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలలోనే చదువురాని కూలివానికిని, ఇల్లు కదలని స్త్రీకిని జమీందారుతో సమానముగా ఓటు దక్కినది. నేడు వారు వేయు, వేయక మానుకొను ఓటు ఆ వెఱ్ఱివారి సంపాదనయే. మొదటి పక్షమువారు అప్పుపత్రమును ఆస్తిపత్రమని ఊరేగించుచున్నారు. వీరు అప్పే లేదనుచున్నారు. ఇద్దఱును చెల్లించుట లేదు.

చదువరులారా, మీ యింటి గోడలపై గతించినవారి చిత్రములుండును. వానికి దండ వేయుడు; తప్పులేదు. కాని బిడ్డ యడిగినప్పుడు వారెంత గొప్పవారో చెప్పి ఊరకుండకుడు. వారు దేనిని సగములో విడిచి పోయిరో, ఎచ్చట పొరబడిరో, మనమెంత తీర్చితిమో, ఎంత మిగిలినదో గూడ చెప్పుడు. రాబోవు ఆగస్టు 15న మీ యూరి బడిలో జెండా నెత్తుటకు ఫలానావారి మనుమని కొఱకు వెదకకుడు. ఏడాది పొడవున బిడ్డలకు వండిపెట్టిన వంటమనిషిని పిలువుడు. ఆ తరువాత బడి తెఱచిన మొదటి మధ్యాహ్నమున మీ బిడ్డను ఆమె వడ్డించు పంక్తిలో కూర్చుండబెట్టుడు. వీలైనచో మీరును ప్రక్కన కూర్చుండుడు. పెద్దల బాకీలో నొక వాయిదా చెల్లినట్లగును.