వేళ్లు పరుగెడితే సరిపోతుందా?

గిటారు పట్టుకున్న నలుగురు కుర్రాళ్లు ఒకచోట చేరితే చాలు, అరగంట తిరక్కుండా ఓ తగవు మొదలవుతుంది. ఎవరు గొప్ప? ఒకడు మెరుపు వేగంతో వాయించేవాడి పేరు చెబుతాడు. రెండోవాడు పెదవి విరుస్తాడు. 'అది టైపింగ్‌రా బాబూ, సంగీతం కాదు' అంటాడు. మొదటివాడికి రోషం వస్తుంది. 'మీవాడికి స్పీడు చేతకాదు. అందుకే దానికి ఫీల్ అని పేరు పెట్టుకున్నాడు' అని ఎదురు దెబ్బ కొడతాడు. టీలు చల్లారిపోతాయి, తగవు మాత్రం తీరదు. హైదరాబాద్ హాస్టల్ గదిలోనైనా, లండన్ మ్యూజిక్ షాపులోనైనా నలభై ఏళ్లకు పైగా నడుస్తున్న వాదన ఇది.

వినడానికి కాలక్షేపం కబుర్లలాగే ఉంటుంది. కానీ కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. రెండింట్లో ఏది నిజమని నమ్మితే, దానికోసమే తన రోజులు ఖర్చుపెడతాడు. పదహారేళ్లకి వేళ్లలో దిగిన అలవాటు అరవై ఏళ్లకీ పోదు మరి!

ముందు వేగం లెక్క చూద్దాం. మెట్రోనోమ్ నిమిషానికి 120 సార్లు కొడుతోందనుకోండి. ఒక్కో దెబ్బకి నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకి 8 అవుతాయి. 180కి పెంచితే 12. 2008లో బ్రెజిల్ గిటారిస్టు టియాగో డెల్లా వేగా ఏకంగా 320 వేగంతో 'ఫ్లైట్ ఆఫ్ ద బంబుల్‌బీ' వాయించి గిన్నిస్ రికార్డు కొట్టాడు. రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ ఓ ఓపెరా కోసం రాసిన చిన్న ముక్క అది. ఆ ఓపెరా మొదటి ప్రదర్శన 1900లో జరిగింది. కథలో రాకుమారుడు తుమ్మెదగా మారి ఎగిరిపోయే ఘట్టం. స్పీడు రికార్డుల పుణ్యమా అని కథ పోయింది, రాకుమారుడూ పోయాడు. చివరికి అంకె ఒక్కటే మిగిలింది. పైగా సెకనుకి ఇరవై దాటేసరికి స్వరాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, విడివిడిగా పట్టుకోవడం చెవికే కష్టమైపోతుంది.

వేగానికి ఉన్న పెద్ద ఆకర్షణ ఏమిటంటే, దాన్ని కొలవచ్చు. నిన్న 140, ఇవాళ 144. ముందుకెళ్తున్నామని నేర్చుకునేవాడికి నమ్మకం. పోటీలో మార్కులు వేసేవాళ్లకీ సులువే. మరి గుండెని తాకిందా లేదా అని కొలిచే మీటరు ఏ షాపులో దొరుకుతుంది?

అలాగని వేగాన్ని తీసిపారేయడం అన్యాయం. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ 'ఎరప్షన్' అనే ముక్క విడుదల చేశాడు. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా లేదు. కుడిచేతి వేళ్లని కూడా ఫ్రెట్‌బోర్డు మీదికి తెచ్చి, తీగల్ని తట్టి స్వరాలు రాబట్టాడు. ఆ పద్ధతి అతనికి ముందూ ఉంది. కానీ ప్రపంచమంతా నోరు తెరుచుకుని విన్నది మాత్రం అతని చేతిలోనే. 1984లో స్వీడన్ కుర్రాడు యింగ్వీ మాల్మ్‌స్టీన్ 'రైజింగ్ ఫోర్స్' ఆల్బమ్‌తో వచ్చాడు. బాఖ్, పగనీనీల వయొలిన్ విన్యాసాల్ని ఎలక్ట్రిక్ గిటారు మీదికి దించేశాడు. 'తక్కువే ఎక్కువ' అన్న మాట అతనికి నచ్చదు. ఎక్కువే ఎక్కువ అంటాడు.

వాళ్లని విన్నప్పుడు కలిగేది భావం కాదా? నవరసాల్లో అద్భుతం కూడా ఉంది కదా! ఆశ్చర్యంతో ఒళ్లు జలదరించడమూ అనుభూతే. చిక్కంతా వాళ్ల తర్వాత వచ్చింది. వాళ్ల వేగాన్ని మాత్రమే పట్టుకుని వందలమంది బయల్దేరారు. విస్తరి నిండా మిరపకాయ బజ్జీలే వడ్డిస్తే ఎలా ఉంటుంది? మొదటిది అమృతం. ఆరోదానికి చెయ్యి అడ్డం పెడతాం.

ఒక్క స్వరం వెనక...

ఇక రెండో పక్షం వాళ్లు ఎప్పుడూ చెప్పే పేరు బి.బి. కింగ్. 1925లో మిసిసిపీ పత్తిచేల మధ్య పుట్టాడు. కుర్రతనంలో ట్రాక్టరు తోలాడు. 1949 చలికాలంలో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో ఓ డాన్సు హాల్లో వాయిస్తున్నాడు. వెచ్చదనం కోసం పెట్టిన కిరోసిన్ పీపాని ఇద్దరు మనుషులు కొట్టుకుంటూ తన్నేశారు. హాలు అంటుకుంది. అందరితోపాటు బయటికి పరుగెత్తిన కింగ్‌కి గిటారు లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చింది. మంటల్లోకి వెళ్లి తెచ్చుకున్నాడు. ఆ ఇద్దరూ కొట్టుకున్నది లూసిల్ అనే అమ్మాయి కోసమని మర్నాడు తెలిసింది. మళ్లీ అలాంటి తెలివితక్కువ పని చేయకూడదని గుర్తుండేలా తన గిటారుకి ఆ పేరే పెట్టాడు. తర్వాత ఎన్ని గిటార్లు మారినా అన్నీ లూసిల్‌లే.

కింగ్ పాడేటప్పుడు వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. గొంతు ఆగినచోట లూసిల్ అందుకునేది. దగ్గరి బంధువు బుక్కా వైట్ తీగల మీద గొట్టం జార్చి వాయించే స్లైడ్ పద్ధతిలో దిట్ట. ఆ నాదమంటే కింగ్‌కి ప్రాణం. కానీ ఆ పద్ధతి తనకి పట్టుబడలేదు. దాంతో వేలు తీగమీదే ఉంచి మణికట్టుని వణికిస్తూ ఆ శబ్దాన్ని వెతుక్కున్నాడు. 1969లో వచ్చిన 'ద థ్రిల్ ఈజ్ గాన్'లో వినిపించేది ఆ వణుకే. చేతకాకపోవడంలోంచి పుట్టిన ఆ అలవాటే చివరికి అతని సంతకమైంది.

ఇక్కడే ఓ సంగతి గమనించాలి. కింగ్ ఒక్క స్వరాన్ని పలికించే తీరు చూడండి. తీగని మీటి, దాన్ని పక్కకి నెట్టి పై స్వరం దాకా తీసుకెళ్తాడు. ఎక్కడ ఆపాలో చెప్పడానికి అక్కడ ఫ్రెట్ ఏమీ ఉండదు. వెంట్రుకవాసి తగ్గితే అపశ్రుతి, పెరిగినా అంతే. దారి చూపేది చెవి ఒక్కటే. ఆ తర్వాత వణుకు ఎంత వెడల్పుండాలి, ఎంతసేపుండాలి, మీటు ఎంత గట్టిగా పడాలి... ఇదంతా ఏమిటి? టెక్నిక్ కాదా? సెకనుకి పన్నెండు స్వరాలు వాయించడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఒక్క స్వరాన్ని ఇలా నిలబెట్టడానికీ అన్నేళ్లు పట్టొచ్చు. టెక్నిక్ అంటే వేగమేనని అనుకోవడం దగ్గరే మన హాస్టల్ తగవు పక్కదారి పట్టింది.

నిదానంగా వాయిస్తే చాలు భావం దానంతటదే వస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. ఎరిక్ క్లాప్టన్‌కి 'స్లోహ్యాండ్' అని పేరు. నెమ్మదిగా వాయిస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని చాలామంది నమ్మకం. అసలు కథ వేరు. 1960ల తొలినాళ్లలో యార్డ్‌బర్డ్స్ బృందంలో ఉన్నప్పుడు వేదికమీద తీగ తెగితే అక్కడే నిలబడి కొత్తది వేసుకునేవాడు. అంతసేపూ జనం నెమ్మదిగా చప్పట్లు కొట్టేవారట. ఆ చప్పట్లనీ, అతని చేతినీ కలిపి మేనేజర్ కట్టిన ముద్దుపేరది.

రెండు వేళ్ల జాంగో

వేగం ఉన్నచోట భావం ఉండదన్న వాదనకి జాంగో రైన్‌హార్ట్ ఒక్కడే సమాధానం. 1910లో బెల్జియంలో సంచారజాతి కుటుంబంలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1928లో, నివాసముండే బండికి నిప్పంటుకుంది. ఎడమచేతి ఉంగరం వేలూ, చిటికెన వేలూ ముడుచుకుపోయాయి. గిటారు మీద స్వరాలు పట్టేది ఆ చెయ్యే. ఇంకొకడైతే వాద్యాన్ని అటకెక్కించేవాడు. జాంగో మిగిలిన రెండు వేళ్లతో మొత్తం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నాడు. 1934కల్లా పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి కొత్త బాణీ జాజ్ బృందాన్ని నిలబెట్టాడు.

ఆ రెండు వేళ్లూ పరుగు తీస్తే అందుకోవడం ఇవాళ్టికీ నాలుగు వేళ్లున్నవాళ్లకే కష్టం. అదే జాంగో 1940లో, పారిస్ నాజీల చేతిలో ఉన్న రోజుల్లో, 'న్యువాజ్' రికార్డు చేశాడు. మేఘాలు అని అర్థం. తొందరలేని, దిగులు నిండిన బాణీ. ఊపిరాడని ఆ నగరం దాన్ని గుండెకి హత్తుకుంది. వేళ్లు అవే, మనిషీ అతనే. ఏ మాటని పరుగున చెప్పాలో, ఏ మాటని ఆగి చెప్పాలో అతనికి తెలుసు.

ఇదంతా మనకేం కొత్త కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు మొదటి నెలలోనే సరళీ స్వరాల్ని మూడు కాలాల్లో సాధన చేస్తారు. వేగం ఉండాలి. కానీ అదొక్కటే ఉంటే పాట కాదు. స్వరానికీ స్వరానికీ మధ్య నడిచే దారి ఉంది చూశారూ, గమకం, రాగం ప్రాణం అక్కడుంది. వీణమీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగి తెచ్చేది అదే. బి.బి. కింగ్ మిసిసిపీలో వెతుక్కున్నదీ దానికి దూరపు చుట్టమే.

ఈ చుట్టరికాన్ని బాగా గుర్తించినవాడు జాన్ మెక్‌లాగ్లిన్. ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ గిటారిస్టు 1970ల మొదట్లోనే వేగానికి పెట్టింది పేరు. అలాంటివాడు అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' బృందం పెట్టినప్పుడు ప్రత్యేకంగా గిటారు చేయించుకున్నాడు. దానికి ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ మధ్య చెక్కని లోతుగా తొలిపించాడు. వేలికింద ఖాళీ ఉంటుంది కాబట్టి తీగ వీణలోలా సాగుతుంది. తమాషా ఏమిటంటే, మాల్మ్‌స్టీన్ గిటారుకీ అలాగే తొలిచిన చెక్క ఉంటుంది. కుర్రతనంలో వాద్యాలు బాగుచేసే చోట పాతకాలపు ల్యూట్‌ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. ఒకే రకం చెక్క ఒకరికి గమకమైంది, మరొకరికి మెరుపైంది. తేడా పనిముట్టులో లేదు.

మెక్‌లాగ్లిన్ తర్వాతి రోజుల్లో నడిపిన 'రిమెంబర్ శక్తి'లో ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టిన శ్రీనివాస్ ఆరేళ్లకే తండ్రి మాండొలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండొలిన్ వాయించడం రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన ఆయన పాడేవారు. పిల్లవాడు విని అదే పలికించేవాడు. గురువు గొంతులో ఉన్న ప్రతి వంపూ వాద్యంలోకి రావాలి. మాండొలిన్‌కి ఉండే జంట తీగలతో అది కుదరదు, మీటిన స్వరమూ ఇట్టే ఆరిపోతుంది. అందుకే విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని ఎంచుకున్నాడు. శ్రీనివాస్ వేగం చూసి దేశదేశాల వాళ్లు అబ్బురపడ్డారు. అయినా ఆ వేగంలో ఎక్కడా సాహిత్యం విరగదు. ఎందుకంటే అతని వేళ్లకి పాఠం చెప్పింది మరో వాద్యం కాదు, ఓ మనిషి గొంతు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే ఆ చేతులు ఆగిపోయాయి.

గొంతు దగ్గరే ఉంది కిటుకంతా. గొంతుకి ఊపిరి కావాలి. పాడేవాడు ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. వేళ్లకి ఆ అవసరం లేదు. ఆపకపోతే గంటైనా పరుగెడతాయి. వినేవాడికి మాత్రం ఊపిరి పీల్చుకునే చోటు కావాలి కదా! 1973 నాటి 'యాదోం కీ బారాత్'లో 'చురాలియా' పాట మొదట్లో భూపిందర్ సింగ్ గిటారు వినిపించేది కొద్ది క్షణాలే. యాభై ఏళ్లు దాటినా ఆ క్షణాలు వినగానే చేతిలో పని ఆగుతుంది.

కాబట్టి నేర్చుకునే పిల్లలు మెట్రోనోమ్‌ని పారేయనక్కర్లేదు. వాయించబోయే ముక్కని ముందు నోటితో పాడి చూడటం మంచిది. పాడలేనిది వేళ్లు వాయిస్తున్నాయంటే అవి అలవాటుకొద్దీ కదులుతున్నాయని అర్థం. వేగం పెంచేముందు సగం వేగంలో ప్రతి స్వరం శుభ్రంగా వస్తోందో లేదో రికార్డు చేసుకుని వినాలి. మణికట్టు నొప్పి పుడితే పంతానికి పోకుండా ఆపెయ్యాలి. నొప్పిని లెక్కచేయకుండా సాధించిన పది బీట్లు నెలలకొద్దీ గిటారుకి దూరం చేసిన సందర్భాలు ఎన్నో.

చివరగా జేసన్ బెకర్. ఇతనూ 1969లోనే, అమెరికాలో పుట్టాడు. 1988లో 'పర్పెచ్యువల్ బర్న్' ఆల్బమ్ వచ్చేసరికి పంతొమ్మిదేళ్లు. ఆ తరంలో అంత వేగం, అంత శుభ్రత ఉన్నవాళ్లు చాలా అరుదు. మరుసటేడాదికల్లా కాలు ఈడ్చుకుపోవడం మొదలైంది. డాక్టర్లు ఏఎల్ఎస్ అన్నారు. నరాలు ఒక్కొక్కటిగా కండరాలకి కబురు పంపడం మానేసే జబ్బు. మూడు నుంచి ఐదేళ్లు బతుకుతాడన్నారు. ముందు వేళ్లు పోయాయి, తర్వాత నడక, ఆ తర్వాత మాట. మిగిలింది కళ్లు. తండ్రి ఓ అక్షరాల పట్టిక తయారుచేశాడు. కళ్లు ఏ వైపు తిప్పాడో చూసి ఇంట్లోవాళ్లు అక్షరం, స్వరం రాసుకుంటారు. అలా ఒక్కో స్వరం చెప్పి చెప్పి సంగీతం కూర్చాడు. 1996లో 'పర్‌స్పెక్టివ్' వచ్చింది. డాక్టర్ల గడువు దాటిన ఇరవై ఏళ్లకి పైగా గడిచాక, 2018లో, 'ట్రయంఫంట్ హార్ట్స్' వచ్చింది. ఆ స్వరాల్ని వాయించింది వేరేవాళ్ల వేళ్లు.

సెకనుకి పన్నెండు స్వరాలు వాయించిన మనిషి, ఒక్క స్వరం చెప్పడానికి కళ్లతో అంతసేపు కష్టపడాల్సి వస్తే, ఏ స్వరాన్ని ఎంచుకుంటాడు? అక్కర్లేనిది ఒక్కటి కూడా చెప్పడు కదా!