బాయిల నోరు విప్పితే మెచ్చుకోవాలి

గోదావరిఖని బొగ్గు బాయిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ పని మొదలుపెట్టే ముందు కప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే ధైర్యం. డొల్లగా మోగితే అక్కడ మనుషులను నిలబెట్టకూడదు. కానీ బొగ్గు టార్గెట్ నెత్తిన ఉన్నప్పుడు ఆ మాట పైవాళ్లకు చెప్పడానికి గుండె కావాలి.

ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడి నర్సులు భయపడకుండా చెప్పగలగడమే అందుకు కారణమని ఆమె తేల్చారు.

సింగరేణి బొగ్గు గనులకు ఇది ప్రాణాలతో ముడిపడిన పాఠం. 2003 జూన్ 16న 7 ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు. వారిలో అధికారులూ ఉన్నారు.

గనుల నిబంధనల్లో సేఫ్టీ కమిటీలకు, వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లకు చోటుంది. వారి రిపోర్టులు రిజిస్టర్లలో మిగిలిపోకూడదు. కార్మికుడు చెప్పిన ప్రతి ప్రమాద సూచనకూ తీసుకున్న చర్యేమిటో హాజరు వేసే మస్టర్ దగ్గర బోర్డు మీద రాయాలి, చెప్పినవారి పేరు గోప్యంగా ఉంచాలి. ఎక్కువ సూచనలు వచ్చిన గని మేనేజర్‌ను యాజమాన్యం సంజాయిషీ అడగకుండా అభినందించాలి.