తూకానికి కొని గ్రేడుకు అమ్మే వ్యాపారం ఇక చాలు!

ఇంట్లో పాత వెండి రూపాయలున్న ప్రతి ఒక్కరికీ!

ఈ శ్రావణంలో మా ఊరి వెండి కొట్టులో జరిగింది వినండి. ఆసుపత్రి ఖర్చుకు చాలక, అత్తగారి నాటి నుంచి లక్ష్మీపూజలో పెడుతున్న రూపాయలను ఒక ఇల్లాలు అమ్మకానికి తెచ్చింది. యజమాని వాటిని త్రాసులో గుమ్మరించాడు. "అరిగిపోయాయమ్మా, నల్లబడ్డాయి. తూకానికే తీసుకుంటాం" అన్నాడు. తరుగు తీశాడు. చిత్తుకాగితం మీద లెక్క వేసి డబ్బు చేతిలో పెట్టాడు. అందులోని నిజాం కాలపు చార్మినార్ రూపాయి ఒకటి పక్షం తిరక్కుండా నాణేల ప్రదర్శనలో, అంచున అదే గాటుతో, "ఎక్స్‌ఎఫ్" (పెద్దగా అరగనిది) అనే గ్రేడు చీటీ కింద కనిపించింది. ధర వెండి విలువకు ఎన్నో రెట్లు. మిగతావి మూసలో కరిగిపోయాయట.

అమ్మేవాళ్లకు అరిగిన నాణెం, కొనేవాళ్లకు అరగని నాణెం. రెండు మాటలూ ఒకే వ్యాపారానివి.

నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం తగిలి ఏళ్ల తరబడి వెండి మీద కట్టిన పొర అది. తెలిసిన సేకర్త ఆ పొరను చూసే నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడు. గ్రేడు తేల్చేది అరుగుదల. దాన్ని ఎత్తైన చోట్ల వెతకాలి: విక్టోరియా జుట్టు పాయల్లో, గౌను అల్లికలో, ఐదో జార్జి అంగీ మీది ఏనుగులో, చార్మినార్ గీతల్లో. త్రాసులో గుమ్మరించినవాడు వీటిలో ఒక్కటైనా చూశాడా?

ఇక మెరుగు సంగతి. ఇంట్లో చింతపండు, విభూతి, టూత్‌పేస్టు. కొట్లో యాసిడ్, బఫింగ్ చక్రం. "ఉచితంగా మెరుగు పెడతాం" అని పిలిచేదీ వాళ్లే, ఆనక "పాలిష్ పట్టినదానికి గ్రేడెక్కడిది" అని ధర కోసేదీ వాళ్లే. ఆ మెరుగులో పోయేదేమిటో చూడండి. 1862 అని ముద్రపడ్డ విక్టోరియా రూపాయలు 1874 దాకా అదే సంవత్సరంతో వచ్చాయి. ఏ ఏడు కొట్టినవో చెప్పేవి సన్నటి చుక్కలు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ తొలి రూపాయల్లో చార్మినార్ ద్వారంలో ఐన్ అనే ఉర్దూ అక్షరం సగమే ఉంటుంది, తర్వాతివాటిలో పూర్తిగా ఉంటుంది. 1911 రూపాయి మీది ఏనుగు పందిలా ఉందని గోల పుట్టి, మరుసటి ఏడే బొమ్మ మార్చారు. చుక్క, అక్షరం, తొండం చూసే ఆ నాణెం ఏదో పోల్చుకుంటాం. చక్రం కింద ఇవి ఎంతసేపు నిలుస్తాయి? ఇది మెరుగు కాదు, సాక్ష్యం చెరపడం!

ఈ రూపాయల వెనక కథ తెలుసా? 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్ల వెండి డాలర్లు కరిగించింది. అందులో చాలా వెండి మన రూపాయల కోసం ఇక్కడికొచ్చింది. 1940లో తెల్లదొరల సర్కారు రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి సగానికి దించి, పాతవాటిని వరసగా చెలామణీ నుంచి తప్పించింది. దొరల కొలిమికి చిక్కకుండా మన ముసలమ్మలు పెట్టెల అడుగున దాచినవే నేడు మిగిలాయి. బ్రిటిషు కలదారైనా, నిజాం హాలీ సిక్కా అయినా, ఇప్పుడు వాటిని కొలిమికి మోసుకుపోతున్నది మనమే. సిగ్గుచేటు!

"నకిలీలెక్కువ, గ్రేడు రాసి ఇరుక్కోలేం" అంటారు వ్యాపారులు. రూపాయి మీది 1938ని చెక్కి అరుదైన 1939 చేసే మాయ మాకూ తెలుసు. తేల్చలేకపోతే "తేల్చలేం" అనే రాయండి. "మా నాణెం మా ఇష్టం" అనేవాళ్లతో మాకు పేచీ లేదు. విలువ తెలిశాకే కరిగించుకోండి. బంగారు నగకు 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేసిన దేశంలో, వందేళ్ల నాణేనికి ఒక చీటీ రాయడం అంత భారమా?

మా డిమాండ్లు ఇవి:

1. పాత నాణెం కొనే ప్రతి కొట్టూ బిల్లు మీద నాణెం పేరు, సంవత్సరం, బరువు, గ్రేడు, ఆ గ్రేడుకు కారణం రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీన్ని నిబంధనగా తేవాలి.

2. కొన్న 15 రోజుల దాకా ఏ నాణేన్నీ కరిగించకూడదు.

3. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, జిల్లా మ్యూజియాలు నెలకో రోజు ప్రజల నాణేలను ఉచితంగా చూసి చెప్పాలి.

4. మెరుగు పెట్టే ముందు "దీనివల్ల నాణెం విలువ పడిపోతుంది" అని కొట్టువాళ్లు నోటితో చెప్పాలి, గోడ మీద రాయాలి.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. కడగకండి, తోమకండి, కొక్కెం అతికించకండి. అంచు పట్టుకుని భూతద్దంతో చూడండి. తూచండి: కలదారు రూపాయి 11.66 గ్రాములు, చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు. రెండువైపులా ఫోటో తీసి, ఇద్దరు ముగ్గురికి చూపాకే బేరం మొదలుపెట్టండి. నేల తవ్వితే దొరికినవైతే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాల్సిందే. పెట్టెలో తాతల నాటి నుంచి ఉన్నవాటికి ఆ భయం అక్కర్లేదు.

కొట్టులో అడుగుపెట్టగానే గ్రేడు రాసివ్వమనండి. రాయనంటే రూపాయలు కొంగున ముడేసుకుని మెట్లు దిగండి. ఊరంతా అలా దిగితే నెల తిరక్కుండా కలం వాళ్ల చేతికొస్తుంది!

— కొందరు నాణేల సేకర్తలు