బెత్తం పక్కన అహింసా పాఠం

ఏటా అక్టోబరు 2న మన బడుల్లో గాంధీజీ పటానికి పూలమాల వేస్తాం. పిల్లల చేత అహింస మీద వ్యాసాలు రాయిస్తాం, ఉపన్యాసాలు చెప్పిస్తాం, బాగా చెప్పినవారికి బహుమతులిస్తాం. మర్నాడు అదే తరగతిలో ఎక్కం తప్పిన పిల్లవాడి అరచేతి మీద స్కేలు పడితే, ఆ రెండు రోజుల్లో వాడు నేర్చుకున్న పాఠం ఏది? పటం చెప్పినదా, స్కేలు చెప్పినదా? బెంగళూరులోని తెలుగు మైనారిటీ పాఠశాలల యాజమాన్యాలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ ప్రశ్న తమకు తాము వేసుకోవాలని మేము కోరుతున్నాం.

బెత్తాన్ని సమర్థించేవారు ముందుగా సంప్రదాయాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. వీధిబడుల్లో కోదండం వేయలేదా, గోడకుర్చీ, తొడపాశం లేకుండా మన తాతలకు చదువొచ్చిందా అని అడుగుతారు. ఆ శిక్షలు ఉన్నమాట నిజమే. కానీ శాస్త్రం ఏం చెప్పిందో కూడా చూడాలి. రెండు వేల ఏళ్ళ కిందటి గౌతమ ధర్మసూత్రం శిష్యుణ్ణి కొట్టకుండానే దిద్దాలంటుంది. అది సాధ్యం కానప్పుడు మాత్రమే సన్నని తాడునో వెదురుబద్దనో వాడవచ్చంటుంది. మరి దేనితో కొట్టినా ఆ గురువును రాజు దండించాలంటుంది. మనుస్మృతి రెండో అధ్యాయం ప్రాణులను నొప్పించకుండా బోధించాలని, బోధించేవాడి మాట మధురంగా, మృదువుగా ఉండాలని చెబుతుంది. అదే గ్రంథం ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి వీపు మీద కొట్టవచ్చని అనుమతిస్తుంది. తల మీద కొట్టరాదని, హద్దు మీరినవాడికి దొంగకు అంటే పాపమే అంటుతుందని హెచ్చరిస్తుంది.

అంటే సంప్రదాయం ఒక్క గొంతుతో మాట్లాడలేదు. అయితే మనువు ఆ అనుమతిని శిష్యుడితో ఆపలేదు; భార్యకూ దాసుడికీ కూడా వర్తింపజేశాడు. ఆ ఇద్దరి విషయంలో అది ఒప్పు అని ఇవాళ ఏ సభలోనూ ఎవరూ చెప్పలేరు. బడిపిల్లల విషయంలో మాత్రం దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు?

'దండం దశగుణం' అన్న నానుడిని కూడా మన ఉపాధ్యాయులు చమత్కారంగా వాడుతుంటారు. ఆ పది గుణాలు ఏవో చాలామందికి గుర్తుండవు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువుల నుంచి కాపాడుకోవడానికి; బురదలో, నీళ్ళలో అడుగు వేయడానికి; చూపు లేనప్పుడు, చీకట్లో, ముసలితనంలో ఊతానికి కర్ర పనికొస్తుందని ఆ శ్లోకం అర్థం. పదింటిలో ఎక్కడా విద్యార్థి లేడు.

హిందూ చింతనలో అహింసకు ఉన్న స్థానం చిన్నది కాదు. ఛాందోగ్యోపనిషత్తు తపస్సు, దానం, ఋజుత్వం, సత్యవచనాలతో పాటు దాన్ని దక్షిణగా చెప్పింది. పతంజలి ఐదు యమాల్లో మొట్టమొదట అహింసనే పెట్టాడు. అంతటితో ఆగక, హింసను తానుగా చేయడం, ఇతరుల చేత చేయించడం, చేస్తుంటే సరేననడం అని మూడు విధాలుగా విడదీశాడు. మూడో మాట దగ్గర తల్లిదండ్రులు ఆగి ఆలోచించాలి. "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్" అని బిడ్డను బడిలో అప్పగించే తండ్రి తన చేత్తో ఏమీ చేయలేదు. కానీ పతంజలి లెక్కలో అతనికీ వాటా ఉంది.

గాంధీజీ అనుభవమూ మన ముందుంది. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో గుజరాతీ, తమిళ, ఆంధ్ర, ఉత్తరాది కుటుంబాలు కలిసి ఉండేవి. అక్కడి పిల్లలకు ఆయనే పాఠాలు చెప్పేవారు. ఒకసారి ఎంత చెప్పినా వినని పిల్లవాడి చేతి మీద రూళ్ళకర్రతో కొట్టారు. కొడుతూ తానే వణికిపోయానని, ఆ తర్వాత ఇక కొట్టలేదని, అందులో తన కోపం ఉందని ఆత్మకథలో రాసుకున్నారు. అదే పుస్తకంలో బాల్యం నాటి ముచ్చట మరొకటి ఉంది. అన్న కడియం నుంచి బంగారం ముక్క దొంగిలించి, ఆ తప్పును కాగితం మీద రాసి మంచంలో ఉన్న తండ్రికి ఇచ్చారు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు, కన్నీరు పెట్టుకున్నాడు. తనకు అహింసా పాఠం అక్కడే అందిందన్నారు గాంధీజీ. ప్రపంచానికి అహింస నేర్పిన మనిషి దాన్ని నేర్చుకున్నది చెయ్యెత్తని తండ్రి దగ్గర.

ఇక చట్టం. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 17 బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. అంతకుముందే, 2002లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లో బెత్తాన్ని నిషేధించింది. అయినా 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో, బడికి వెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది దెబ్బలు తిన్నామని చెప్పారు. ఆ 13 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మన పాఠశాలలకు సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగం 30వ అధికరణం కింద నడిచే మైనారిటీ పాఠశాలలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. యాజమాన్యాలు దాన్ని ప్రధానంగా 25 శాతం సీట్ల మినహాయింపుగా చూశాయి. కానీ చట్టం మొత్తంగా పక్కకు తప్పుకుంటే దానితో పాటు సెక్షన్ 17 కూడా తప్పుకుంటుంది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పునఃపరిశీలించాలన్న అభిప్రాయంతో విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. అది తేలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? పిల్లల పట్ల క్రూరత్వాన్ని శిక్షించే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75కు మైనారిటీ, మెజారిటీ భేదం లేదు. అన్నిటికీ మించి, 30వ అధికరణం మనకు ఇచ్చింది మన భాషను, సంస్కృతిని కాపాడుకునే బడి పెట్టుకునే హక్కు. ఆ హక్కు నీడన పిల్లల వీపులు వాచడం మన సంస్కృతికి గౌరవం కాదు.

దెబ్బ చేత్తోనే పడనక్కర లేదు. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన సంగతి విని తెలుగువారంతా బాధపడ్డాం. మన బడుల్లో ఇలాంటిది తిరగబడి జరుగుతుంటుంది. బెంగళూరు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లిషు మోస్తాడు. తెలుగు, కన్నడ లిపులు దగ్గరివి కాబట్టి తెలుగు అక్షరానికి కన్నడ తలకట్టు పెడతాడు, మాట మధ్యలో కన్నడ పదం వేస్తాడు. 'ఇదేం తెలుగురా' అని తరగతి అంతా నవ్వేలా చేస్తే వాడు తెలుగు దిద్దుకోడు, తెలుగు మాట్లాడటం మానేస్తాడు. తెలుగును నిలబెట్టడానికి పెట్టిన బడిలోనే తెలుగంటే భయం పుట్టించడం కంటే నష్టం ఏముంది?

ఉపాధ్యాయుల కష్టం మాకు తెలియనిది కాదు. చాలీచాలని జీతం, ఒకే గదిలో రెండు మూడు తరగతులు, మార్కులు తగ్గితే యాజమాన్యం ఒత్తిడి, అల్లరి మితిమీరితే తల్లిదండ్రుల ఫిర్యాదు. ఆ విసుగంతా చివరికి అన్నిటికంటే చిన్నవాడి మీద దిగుతుంది. అందుచేత బాధ్యతను ఒక్క ఉపాధ్యాయుడి నెత్తిన వేసి తప్పుకోలేం.

యాజమాన్యాలు చేయగలిగినవి ఉన్నాయి. చట్టం వర్తించినా వర్తించకపోయినా, కొట్టడం, అవమానించడం ఉండవని తమ నియమావళిలో తామే రాసుకోవాలి. పిల్లలు భయం లేకుండా చెప్పుకోవడానికి ఒక ఉపాధ్యాయినిని నియమించాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఈ సంగతి చెప్పి, కొట్టమని అడగవద్దని కోరాలి. కొట్టకుండా తరగతి నడిపే అనుభవజ్ఞులను కొత్తవారికి తోడు పెట్టాలి. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

వచ్చే అక్టోబరు 2న గాంధీజీ పటానికి పూలమాల వేసే ముందు ప్రతి బడీ ఒక చిన్న పని చేయాలి. బల్ల మీది బెత్తాన్ని, గోడ మూలనున్న చింతబరికెను పిల్లల కళ్ళెదుటే బయట పారేయాలి. ఆ రోజు వారికి అహింస మీద వేరే ఉపన్యాసం అక్కర లేదు.