శిల్పం ముందు ఎక్కడ నిలబడాలి?

మ్యూజియంలో ప్రతి శిల్పం పక్కనా ఒక చిన్న చీటీ ఉంటుంది. ‘లైమ్‌స్టోన్ రిలీఫ్’, ‘బ్రాంజ్ స్కల్ప్చర్’, ‘కైనెటిక్ స్కల్ప్చర్’ వంటి జంట మాటలు అందులో కనిపిస్తాయి. చాలామందిమి చదవకుండానే దాటిపోతాం. ఆ మాటలు పట్టుకుని శిల్పాలు చూద్దామనే ఈ సంచిక తలపెట్టాం.

రిలీఫ్ అంటే పలక మీంచి ఉబికివచ్చిన బొమ్మ. దానికి వీపు లేదు కనుక ఎదురుగా నిలబడి చూడాలి. వెలుగు పక్కనుంచి పడితే మరీ మంచిది. మన అమరావతి స్తూప ఫలకాలు ఈ కోవలోవే. పల్నాటి సున్నపురాయి ఉలికి లొంగుతుంది. ఆ కొద్దిపాటి లోతులోనే శిల్పి జనాన్ని, ఏనుగులను, మేడలను ఒకదాని వెనక ఒకటి నిలిపాడు. ఆ ఫలకాల్లో చాలా భాగం చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉంది. వాటిని చూడటానికి మన పిల్లలు అంత దూరం వెళ్లాల్సి రావడం నాకు బాధే.

చోళుల కంచు విగ్రహం తీరు వేరు. మైనపు బొమ్మకు మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొట్టాల్సిందే కనుక అచ్చంగా అలాంటిది మరొకటి రాదు. దాని చుట్టూ తిరిగి వీపు కూడా చూడాలి.

ఇక కైనెటిక్ అంటే కదిలే శిల్పం. శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన అలాంటి శిల్పాలకు 1931లో ‘మొబైల్’ అని పేరు పెట్టినవాడు కళాకారుడు మార్సెల్ డుషాంప్. వాటి ముందు కాసేపు ఓపికగా ఆగాలి.

లోపల అమరావతి ఫలకాల మీద పెద్ద వ్యాసం ఉంది. ముందు అది చదవండి.