అటక మీది ఎయిర్‌గన్

క్రిస్మసుకు ముందు ఇంటికి సున్నం వేయించేటప్పుడు అటక మీది సామానంతా నడింట్లోకి దిగుతుంది. చిల్లులు పడిన గంగాళం, చిమ్నీ లేని లాంతరు, తాతగారి చేతికర్ర. వీటితో పాటు కొన్ని ఇళ్ళల్లో గోనెగుడ్డ చుట్టిన ఎయిర్‌గన్ ఒకటి దిగుతుంది. పిల్లలు మిగతావన్నీ వదిలేసి దాని మీద పడతారు. ఇల్లాలు "పాత ఇనపసామాను వాడికి వేసేయండి" అంటుంది. ఇంటాయన "ఉండనీ, నాన్నగారిది" అంటాడు. సున్నం ఆరగానే అది మళ్ళీ అదే గోనెగుడ్డలో అటకెక్కుతుంది. ఈ నెల ఆ తుపాకి గురించే నాలుగు మాటలు రాస్తాను. ఉంచుకునేవారు ఎలా ఉంచుకోవాలో తెలిసి ఉంచుకోవాలి. తెలుసుకునే ఓపిక లేకపోతే ఇల్లాలి మాటే మంచిది.

ఇది మందు దట్టించే తుపాకి కాదు. గొట్టాన్ని కిందికి వంచితే లోపల బలమైన స్ప్రింగు ముడుచుకుని నిలుస్తుంది. గొట్టం మొదట్లో చిన్న సీసపు గుండు పెట్టి మూస్తాము. మీట నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలి నలిగి గుండును బయటికి కొడుతుంది. సైకిలు పంపు విప్పి చూసినవారికి ఇది వింత కాదు. పంపులో లాగే పాతకాలపు ఎయిర్‌గన్‌లో కూడా తోలు వాషరే ప్రాణం.

అమెరికాలో పిల్లల చేతికి వచ్చింది దీనికి తమ్ముడు, బి.బి. గన్. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. మిషిగన్ రాష్ట్రంలో ప్లిమత్ అనే ఊళ్ళో పొలాలకు నీరు తోడే గాలిమరలు చేసే కంపెనీ ఉండేది. 1880ల చివర ఆ కంపెనీ గాలిమర కొన్న రైతుకు ఒక గాలి తుపాకి ఊరికే ఇచ్చేది. రైతులు గాలిమర మాట వదిలి తుపాకిని అడగసాగారు. 1895లో కంపెనీ తన పేరునే డైసీ అని మార్చుకుని తుపాకుల మీదనే నిలబడింది. అందులో వాడేది గుండ్రని ఉక్కు గుండు. మన వైపు ఎయిర్‌గన్‌కు వాడేది నడుము సన్నగా ఉండే సీసపు గుండు. సీసం గట్టి వస్తువుకు తగిలితే చాలావరకు అణిగిపోతుంది. ఉక్కు అణగదు, వెనక్కి వస్తుంది. ఈ ఒక్క తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అలాగని సీసం వెనక్కి రానే రాదని అనుకోకండి.

మాది కోడూరు. మా తాతగారు కొన్న తుపాకి మా నాన్నగారికి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బి.ఎస్.ఎ. కంపెనీ చేసిన కేడెట్ అనే రకం. పైన మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు చెక్కి ఉండేది. మోటారు సైకిళ్ళు చేసిన కంపెనీ కూడా అదే గనుక, ఊళ్ళో ఒకాయన బండి మీద అదే గుర్తు చూసి, బండిలోంచి కూడా గుండ్లు వస్తాయేమోనని మేము దూరంగా నిలబడేవాళ్ళం.

దానితో నాన్నగారికి పని గడ్డివాము దగ్గర పందికొక్కులతోను, కళ్ళంలో ధాన్యం మీద వాలే కాకులతోను. పంట పాలు పోసుకునే రోజుల్లో చిలకల మీద కూడా ఎక్కుపెట్టేవారు. ఆ చేత్తోనే కోతలు కాగానే మంచి కంకులు ఏరి, కుచ్చు అల్లించి, వసారాలో పిచ్చుకల కోసం వేలాడదీసేవారు. రెండూ ఒకే ఇంట్లో ఉండేవి. ఎవరికీ అది విరుద్ధంగా తోచేది కాదు. తుపాకి గోడకు ఎత్తున మేకుకు ఉండేది, గుండ్ల డబ్బా బీరువాలో తాళం కింద ఉండేది, తాళం అమ్మ కొంగున ఉండేది. మాకు దక్కేది తుడిచే పని ఒక్కటే. ఒక ఏడాది సండేస్కూలు క్రిస్మసు నాటకంలో హేరోదు భటుడికి బల్లెం దొరక్క, మా అన్నయ్య ఈ తుపాకే భుజాన వేసుకుని బేత్లెహేములోకి నడిచాడు. పాస్టరమ్మగారు ముఖానికి పైట అడ్డం పెట్టుకున్నారు గాని, భుజాలు కదలడం అందరం చూశాము.

మా వీధిలోనే మరో ఇంట్లో కూడా ఎయిర్‌గన్ ఉండేది. అక్కడ గుండ్లు కిటికీలోనే ఉండేవి. మా ఈడు పిల్లలు నూతి గిలకను గురిగా పెట్టుకున్నారు. ఇనప గిలకకు తగిలిన గుండు తిరిగొచ్చి పక్కన చూస్తున్న పిల్లవాడి కంట్లో దిగింది. బస్సు మీద బందరు తీసుకువెళ్ళారు. కన్ను దక్కలేదు. వాడు తుపాకి పట్టుకున్నవాడు కాదు, చూడడానికి వచ్చినవాడు. ఎయిర్‌గన్ బొమ్మే కదా అనే పెద్దలకు నేను ఈ సంగతే చెబుతాను.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఆ రోజు సంగతి తెలియని ఇల్లు లేదు. వేల మంది పోయారు, పశువులకు లెక్కే లేదు. అలాంటప్పుడు తుపాకి సంగతి ఎవరికి పడుతుంది? ఇల్లు బాగు చేసుకునేటప్పుడు ఎప్పటికో ఉప్పుబురదలో దొరికింది. నాన్నగారు దానిని ముందు మంచినీళ్ళతో కడిగారు. ఉప్పు పోకుండా నూనె పెడితే తుప్పు నూనె కిందనే తింటుందని అప్పుడే మాకు చెప్పారు. తరువాత ఎండలో ఆరబెట్టి, చెప్పులు కుట్టే ఆయన చేత కొత్త తోలు వాషరు కోయించి వేయించారు. గొట్టం మీద తుప్పు తిన్న గుంటలు మాత్రం ఉండిపోయాయి. ఇప్పటికీ వేలికి తగులుతాయి.

ఆ శీతాకాలం ఉదయాలు నాకు బాగా గుర్తు. చెట్లన్నీ పడిపోయి, పిట్ట అరుపు వినపడేది కాదు. కాకి అరిస్తే కూడా అమ్మ బయటికి వచ్చి చూసేది. పొలాల్లో ఉప్పు విరిగి పంట చేతికొచ్చిన ఏడు, నాన్నగారు అందరికన్నా ముందు కుచ్చు కట్టించారు. పిచ్చుకలు వచ్చాయి. ఆ తరువాత తుపాకి బాగా పని చేస్తున్నా రెక్కలున్న దేని మీదా ఆయన ఎక్కుపెట్టలేదు. ఎందుకని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. పిచ్చుకల గురించి మత్తయి సువార్త పదవ అధ్యాయంలో ఏముందో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. మా మండలంలో పిట్టల్లంక అనే ఊరే ఉంది. పిట్టలు లేకుండా ఆ పేరు ఎంత బోసిగా ఉంటుందో ఆ శీతాకాలం చూసినవారికి తెలుసు.

ఇక మరమ్మతు సంగతి. అటక మీంచి దింపిన తుపాకిని మొదట లోడు చేసి ఉందనే అనుకుని పట్టుకోండి, గొట్టం మనుషుల వైపు తిప్పకండి. తరువాత వేటపాలెం చీర పాతదో, మెత్తని నూలు గుడ్డో తీసుకుని, కుట్టుమిషను నూనె రెండు చుక్కలతో ఇనుము అంతా తుడవండి. గరుకు కాగితం మాత్రం వేయకండి. ఇనుము మీద ఉండే నల్లని నీలం రంగు తుప్పుకు అడ్డుకట్ట. దానిని గీకి మెరిపించేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన సముద్రపు గాలికి ఆ మెరుపు ఒక్క వర్షాకాలం నిలవదు. చేతి చెమటలో కూడా ఉప్పే ఉంటుంది గనుక పట్టుకున్న ప్రతిసారీ తుడిచి పెట్టాలి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకు బంకగా పట్టేస్తుంది. చెక్కకు అవిసెనూనె పలచగా రాసి, గంట ఆగి తుడిచేస్తే చాలు.

ఏళ్ళ తరబడి వాడని తుపాకిలో తోలు వాషరు ఎండి ముడుచుకుపోతుంది. అప్పుడు గాలి పక్కనుంచి జారిపోయి, గుండు నాలుగు బారల దూరం పోయి పడుతుంది. స్ప్రింగు పోయిందని చాలామంది పారేస్తారు. పోయింది స్ప్రింగు కాదు. గొట్టం వంచి, గాలి వచ్చే సన్నని రంధ్రంలో రెండు మూడు చుక్కల నూనె వేసి, రాత్రంతా నిలబెట్టి ఉంచితే తోలు నానుతుంది. మా నాన్నగారు ఆముదం వాడేవారు, ఎద్దుల పట్టెడలకు రాసేది అదే గదా. చుక్కలు అంటే చుక్కలే. నూనె ఎక్కువైతే నలిగిన గాలి వేడికి అది అంటుకుని, పెద్ద చప్పుడుతో గొట్టంలోంచి పొగ వస్తుంది. పిల్లలకు అది సరదాగా ఉంటుంది. స్ప్రింగుకూ వాషరుకూ అది చేటు. కిరోసిన్ అసలే పోయవద్దు.

గుండు లేకుండా మీట నొక్కవద్దు. ముందు గుండు అడ్డం లేకపోతే పిస్టన్ వెళ్ళి ఉక్కు గోడకు గుద్దుకుంటుంది. ఎక్కుపెట్టి గంటలకొద్దీ వదిలేస్తే స్ప్రింగు చచ్చుబడుతుంది. గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. పొరపాటున మీట కదిలితే గొట్టం ఎగిరి మూసుకుంటుంది, మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది. స్ప్రింగు మార్చాలంటే ఇంట్లో స్క్రూడ్రైవరుతో మొదలుపెట్టకండి. లోపల అది ఎప్పుడూ కొంత ముడుచుకునే ఉంటుంది, విప్పగానే ముఖం మీదికి వస్తుంది. బిగింపు పట్టెడ ఉన్న మెకానిక్కుకే ఇవ్వండి.

2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్ళకు మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేదని పిట్టల మీదికి పోవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గువ్వను, కొంగను, అడవి బాతును కొట్టడం నేరమే. అరుణాచల్ ప్రదేశ్‌లో అడవుల్లో పక్షులు తరిగిపోతుంటే, 2021లో ప్రభుత్వం ఎయిర్‌గన్లు తెచ్చి అప్పగించమని ఊరూరా కోరింది. రెండు వేలకు పైగా తుపాకులు జనం తమంతట తామే తెచ్చి ఇచ్చారు. తాతల నాటి వేట అలవాటున్న ఊళ్ళవి. మనకు అంత కష్టం లేదు.

మరి గురి దేనికి అంటారా? కాగితానికి. 2008లో బీజింగు ఒలింపిక్సులో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండనులో హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే. అక్కడ పూర్తి పది మార్కుల చుక్క అడ్డంగా అర మిల్లీమీటరు. ఆవగింజ దాని కన్నా పెద్దది. ఇంట్లో పాత క్యాలెండరు అట్ట మీద రూపాయి బిళ్ళ పెట్టి గీసుకుంటే మనకు చాలు. అట్ట వెనక ఇసుక నింపిన గోనెసంచి ఉండాలి. గోడ, సిమెంటు స్తంభం, రేకు, తాటిమొద్దు వద్దు. పక్కన చూసేవారు కూడా కాల్చేవారి వెనకనే నిలబడాలి, కళ్ళజోడు పెట్టుకోవాలి. సీసపు గుండ్లు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, అది విషం. ఆట కాగానే చేతులు సబ్బుతో కడిగించండి.

వర్షాకాలం అయ్యాక ఒకసారి సంచి విప్పి ఇసుక జల్లించండి. అణిగిన సీసం అడుగున దొరుకుతుంది. చెరువు గట్టున పారేస్తే నీటి పక్షులు రాళ్ళనుకుని మింగి చస్తాయి. మూత ఉన్న డబ్బాలో వేసి, పాత బ్యాటరీలు కొనేవారికి ఇచ్చేయండి.